నేను చదివితే సారు విన్న పుస్తకం

ఆ రోజు మా సారుకు తెలుగు చదవడం వచ్చా, రాదా?

ముప్పై ఏళ్లుగా నేను మోస్తున్న ప్రశ్న ఇది. అడగవలసిన మనిషి మిర్యాలగూడలో ఉండేవారు. నేను సూర్యాపేటలో ఉన్నాను. పొద్దున బస్సెక్కితే అడిగేసి దీపాల వేళకు ఇల్లు చేరవచ్చు. అయినా అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు.

పోయిన నెల ఒక పోస్టుకార్డు వచ్చింది. సారు కూతురు రాసింది. "అక్కా, అబ్బాజాన్ పోయిన శుక్రవారం పొద్దుగాల పోయిండు. ఎక్కువ బాధ పడలేదు. చివర్ల నిన్ను యాది చేసిండని అబద్ధం చెప్ప, ఎవ్వరినీ గుర్తు పట్టలే. కాని అంతకు ముందెప్పుడో నీ కోసం అని ఒక పుస్తకం పక్కకు పెట్టిండు. వచ్చి తీస్కపో." అంతే ఉంది కార్డులో.

అది నాకు చేరేసరికి మట్టి చెయ్యడం అయిపోయి నాలుగు రోజులు దాటింది. నేను కాలేజీకి వెళ్లి రెండు క్లాసులు చెప్పి వచ్చాను. ఎవరితోనూ అనలేదు. అంటే, ఎవరు, మీ చుట్టమా అని అడుగుతారు. చుట్టం కాదు, చిన్నప్పుడు లెక్కలు చెప్పిన సారు అంటే, ఓహో అని తమ పని తాము చూసుకుంటారు. వాళ్ల తప్పేమీ లేదు. ఇంటికొచ్చి తాళం తీసి, కార్డును గూట్లో పెట్టి, చాలాసేపు చెప్పులు కూడా విడవకుండా కూర్చున్నాను.

మా కాలం సంగతి తెలియని వాళ్లకు కొంత చెప్పాలి. అప్పుడు మా దగ్గర హైస్కూలు చదువంతా ఉర్దూలో. ఇంట్లో తెలుగు, బళ్లో ఉర్దూ. పదో తరగతిని దహుం జమాత్ అనేవాళ్లం. త్రిభుజం అనే మాట నాకు పద్నాలుగేళ్లు వచ్చేదాకా వినలేదు. మాకది ముసల్లస్. కోణం అంటే జావియా. ఇప్పటి పిల్లలు ఎక్స్, వై అని రాసేచోట మేము ఉర్దూ అక్షరాలతో లా, మా అని రాసేవాళ్లం. లా విలువ ఎంత, మా విలువ ఎంత అని కనుక్కోవడంతోనే మా పగళ్లు గడిచేవి.

సారు సూర్యాపేట హైస్కూల్లో పై తరగతులకు లెక్కలు చెప్పేవారు. పొడుగు మనిషి, భుజాల దగ్గర కొంచెం వంగి ఉండేవారు. నల్ల షేర్వానీ వేసుకునేవారు. దాని కుడి జేబు మాత్రం ఎప్పుడూ తెల్లగా ఉండేది. అరిగిపోయిన సుద్దముక్కల్ని పారెయ్యలేక ఆ జేబులో వేసుకునేవారు. గోరంత ముక్క మిగిలినా దానితో బోర్డు మీద వృత్తం గీసేవారు, గీత మొదలైన చోటికే వచ్చి ఆగేది. లెక్క తప్పు చేసినవాణ్ణి కొట్టేవారు కాదు. "ఏడ తప్పిపోయినవో సూపెట్టు" అని, తప్పిపోయిన మేకను వెతకబోయినట్టు, ఒక్కొక్క మెట్టూ వెనక్కి నడిపించేవారు. చాలామందికి దెబ్బలే నయమనిపించేది.

ఆయన ఇంట్లో ఉర్దూ. మాతో, బజార్లో వాళ్లతో మా తెలుగే. అయితే మాట్లాడటం వేరు, చదవడం వేరు. ఆయన తెలుగు అక్షరం చదువుతుండగా మాలో ఎవరమూ చూడలేదు. చూడలేదు గనక రాదనుకున్నాం. ఇంత చిన్న సంగతి మీద ఇంత బరువు పడుతుందని అప్పుడు నాకేం తెలుసు.

నేను దహుంలో ఉన్న ఏడు బడి సగం రోజులు మూసే ఉంది. ఊళ్లల్లో గొడవలు, రోడ్ల మీద భయం. సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది, రాజ్యం మారింది. బడి మళ్లీ తెరిచేసరికి వారం సెలవు శుక్రవారం నుంచి ఆదివారానికి మారి ఉంది. సారు ఉండే గల్లీలో చాలా ఇళ్లకు తాళాలు. ఆయన అన్నగారి కుటుంబం మూటాముల్లె కట్టుకుని హైదరాబాదు వెళ్లిపోయింది. సారు, ఆయన భార్య, రెండేళ్ల కూతురు మిగిలారు. మునుపు సాయంత్రాలు ఆయనతో పాటు మాట్లాడుకుంటూ నడిచేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండేవారు. ఇప్పుడు ఒక్కరే నడిచేవారు.

మా నాయన తహసీలు కచేరీలో గుమస్తా. ఆయనా సారూ ఏళ్ల తరబడి ఒకే హోటల్లో చాయ్ తాగిన వాళ్లు. ఆ చలికాలంలో నాయన ఆ హోటలు ముందు నుంచి కాకుండా చుట్టు తిరిగి ఇంటికి రావడం మొదలుపెట్టాడు. రోజులు బాగలేవు అనేవాడు. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. రాయకపోతే ఈ స్మృతి అబద్ధమవుతుంది.

అట్లాంటి రోజుల్లో పైనుంచి ఒక కాగితం వచ్చింది. మెట్రిక్ లెక్కల పరీక్ష ఉర్దూలో రాయవచ్చు, కావాలంటే తెలుగులోనూ రాయవచ్చు. ఏ బడి ఏ భాషలో రాస్తుందో ముందే తెలపాలి. హెడ్మాస్టరు ఆ నిర్ణయాన్ని లెక్కల సారుకే వదిలేశారు. పరీక్షకు అయిదు నెలలు కూడా లేవు. ఉర్దూలో రాయిస్తే మేము ఇన్నేళ్లూ చదివినదే, సారు ఇన్నేళ్లూ చెప్పినదే. తెలుగు అంటే చేతిలో పుస్తకం కూడా లేదు. క్లాసులో పదకొండు మందిమి. పది మంది మగపిల్లలకు పరీక్ష తప్పినా వచ్చే ఏడు మళ్లీ రాసే వీలుంది. నాకు లేదు. ఒక్కసారే పరీక్ష, ఆ తర్వాత ఇంట్లో కూర్చోవడమే అని అమ్మ ముందే చెప్పి పెట్టింది.

సారు వారం రోజులు ఏమీ తేల్చలేదు. మాకు లెక్కలిచ్చి, బల్లల మధ్య తిరుగుతూ మా ముఖాల్లోకి చూసేవారు. మేము భయపడి ఇంకా తప్పులు చేసేవాళ్లం. ఎనిమిదో రోజున ఉర్దూ పుస్తకం మూసి బల్ల మీద పెట్టి అన్నారు: "జవాబు అడిగితే అందరు ఉర్దూల చెప్తున్నరు. బల్ల కింద వేళ్ల మీద మాత్రం ఒకటి, రెండు, మూడు అని తెలుగులనే లెక్కపెడుతున్నరు. పెదవులు సూస్తున్న నేను. వేళ్ల మీద ఏముంటదో గదే మీది."

తెలుగులో రాస్తామని తెలిపారు. సాయంత్రం ఈ సంగతి విని నాయన మంచమ్మీద లేచి కూర్చున్నాడు. "తెలుగు వస్తే ఇగ ఆయనతోని పనేముంటది? గా మనిషి తన కాళ్ల కింది బండ తానే తీసుకుంటున్నడు" అన్నాడు.

ఇక పుస్తకం కావాలి. మా మేనమామ కోదాడలో ఉండేవాడు. అక్కడి నుంచి బెజవాడ వైపు బండ్లు తోలేవాడు. నాయన కబురు పెడితే అటువైపు బళ్లల్లో వాడే లెక్కల పుస్తకాలు రెండు, ఒకటి లావుది, ఒకటి సన్నది, మిరపకాయల బస్తాల నడుమ పెట్టుకుని తెచ్చాడు. వచ్చీ రాగానే నన్ను ఏడిపించడం. "ఏమ్మా కోడలు పిల్లా, లెక్కలు నేర్చుకుని ఏం చేస్తావే, మా ఎడ్లకు కొమ్ములెన్నో చెప్తావా?" మామ మాట అప్పటికే సగం ఆంధ్రా మాట. పుస్తకాలు తెరిస్తే చాలు, ఘాటుకు తుమ్ములొచ్చేవి.

ఆ రెండింటిలో ఒకటి ఎంచడం నేను కళ్లారా చూశాను, ఎందుకంటే వాటిని మోసుకుపోయింది నేనే. సారు ఇంటి అరుగు మీద పక్కపక్కన పెట్టుకుని పేజీలు తిప్పారు. అక్షరాల మీద ఆయన చూపు ఆగలేదు. ఆగలేదనే నేను అనుకున్నాను. బొమ్మలే చూశారు. లావు పుస్తకం నాకు నచ్చింది. తెల్ల కాగితం, నల్లని అచ్చు, చేసి చూపించిన లెక్కలు బోలెడు. సారు దాన్ని నా వైపు తిప్పారు.

"సూడు బిడ్డా, దీంట్ల ముసల్లస్‌లన్ని ఒక్క తల్లి పిల్లల లెక్క ఉన్నయి. అన్నీ నీటుగ, కాళ్లు ముడుచుకోని కూసున్నయి. రేపు పరీక్షల వంకరది వస్తే మీరు గుర్తు పడతరా? ఇది ముసల్లస్ కాదు అంటరు."

సన్న పుస్తకంలో ఒక త్రిభుజం పక్కకు పడుకుని ఉంది, ఒకటి తలకిందులుగా ఉంది, ఒకటి కత్తిలా సన్నగా సాగి ఉంది. ఆ తర్వాత బీజగణితం అభ్యాసాలు తెరిచి, రెండింటిలోనూ పదేసి లెక్కలు నేల మీద సుద్దముక్కతో చేసి, వెనక జవాబులతో సరిచూశారు. లావుదాంట్లో జవాబులు రెండు తప్పు. సన్నదాంట్లో ఒకటి తప్పు. ఆ తప్పు చూసి ఆయన ముఖం విప్పారింది. ఒక్క తప్పు ఉండటం మంచిదేనట. పుస్తకాన్ని కళ్లు మూసుకుని నమ్మరట పిల్లలు. సన్నదే ఖాయమైంది. మామ నొచ్చుకున్నాడు. "అంత లావు పుస్తకాన్ని పక్కన పెట్టి ఈ బక్కదాన్ని పట్టుకున్నాడేంటే మీ సారు" అని కోదాడ చేరేదాకా అనుకుంటూ పోయి ఉంటాడు.

పుస్తకం ఒకటి, మేం పదకొండు మందిమి. సారు దాని కుట్టుదారం విప్పేశారు. పన్నెండు భాగాలు చేశారు. ఒక్కో భాగం ముందు తన దగ్గర ఒక రోజు ఉంచుకుని, తర్వాత మాకు ఇచ్చేవారు. మేము దాన్ని కాపీలో, అంటే నోటుపుస్తకంలో, దింపుకుని పక్కవాడికి అందించాలి. ఎవరి భాగం ఎవరి దగ్గరుందో తుమ్ములను బట్టి తెలిసేది. చివరి భాగం, జవాబులది, ఎవరికీ ఇవ్వలేదు. "జవాబులు నా కాడ ఉంటయి. లెక్క మీ కాడ ఉంటది" అనేవారు. నేను ఆ పుస్తకం మొత్తం చేత్తో రాశాను. బొమ్మలతో సహా. ఇప్పటికీ ఏ పుస్తకమూ నాకు అంత బాగా తెలియదు.

ఇక చదవడం. మొదటి రోజే సారు నన్ను లేపి, సిద్ధాంతం చదవమన్నారు. నేను క్లాసులో ఒక్కదాన్నే ఆడపిల్లను. తలుపు పక్కన వేరే పీట మీద కూర్చునేదాన్ని. రెండేళ్లలో అక్కడ నా గొంతు ఎవరైనా విన్నారో లేదో. జవాబు వచ్చినా పలక మీద రాసి చూపించేదాన్ని. ఆ రోజు చదివిన నాలుగు ముక్కలూ నాకే వినపడలేదు. "కిటికీ దాక రాలే" అన్నారు సారు, కిటికీ దగ్గరకు పోయి నిలబడి. మళ్లీ చదివాను. రోజూ అదే. నేను చదవాలి, ఆయన కిటికీ దగ్గర కళ్లు మూసుకుని వినాలి. విన్నది విన్నట్టు బోర్డు మీద బొమ్మ గీయాలి. తెలుగు మాట నేను చెబితే ఉర్దూ మాట ఆయన చెప్పేవారు. లంబం, అమూద్. కర్ణం, వతర్. పిల్లలంతా రెండూ కలిపి అరిచేవారు. నెల తిరిగేసరికి నా గొంతు కిటికీ దాటి బడి మైదానం దాకా పోయేది. ఆడపిల్లకు ఇంత గొంతేమిటని అమ్మ కోప్పడింది.

ఒక రోజు వృత్తం గురించిన సిద్ధాంతం. కేంద్రం దగ్గరి కోణం పరిధి మీది కోణానికి రెట్టింపు అని నిరూపించాలి. చదువుతూ చదువుతూ నేనొక వాక్యం దాటేశాను. సారు కళ్లు తెరవలేదు.

"ఆగు. ఒక లైను ఎగబెట్టినవ్."

చూసుకుంటే నిజమే. గీతను కేంద్రం దాటించి పొడిగించుము అన్న వాక్యం. నేను అబ్బురపడిపోయాను. లెక్క తెలిసినవాడికి మెట్టు తప్పితే తెలియదా అని ఇన్నాళ్లూ సమాధానం చెప్పుకున్నాను. నేనూ ఇప్పుడు లెక్కలు చెప్పేదాన్నే, నాకూ తెలుస్తుంది. కాని ఆయన మెట్టు తప్పిందనలేదు. లైను ఎగబెట్టినవ్ అన్నారు. ఆ భాగం అంతకు ముందు ఒక రోజు ఆయన ఇంట్లోనే ఉంది.

పరీక్షకు నెలన్నర ఉందనగా తనిఖీకి ఒక అధికారి వచ్చారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, కొత్త మనిషి, ఆంధ్రా మాట. హెడ్మాస్టరు చేతులు కట్టుకుని వెనక నిలబడ్డారు. అధికారి మంచివారే. మా కాపీలు తిరగేసి సంతోషించారు. ఇంత తక్కువ కాలంలో ఇంత చక్కగా తెలుగులోకి వచ్చారే అని మెచ్చుకున్నారు. నా కాపీ చూసి, బొమ్మలు చూసి, నవ్వి అడిగారు.

"బాగా రాశావమ్మా. క్లాసులో పుస్తకం ఎవరు చదువుతారు?"

ఆ క్షణం నా లోపల పొంగినదాన్ని ఏమనాలో తెలియదు. రెండేళ్లు తలుపు పక్కన నోరు మూసుకుని కూర్చున్నదాన్ని. ఇప్పుడు నా పేరు చెప్పుకునే వంతు వచ్చింది. లేచి నిలబడి, కిటికీ దాటే గొంతుతో చెప్పాను.

"నేనే సదువుత సార్. మా సారుకు తెలుగు సదవరాదు. నేను సదివితే ఇని చెప్తరు."

హెడ్మాస్టరు నేల చూశారు. అధికారి నవ్వు ముఖం మీదే ఉండిపోయింది గాని వెనక నుంచి ఎవరో దీపం తీసేసినట్టయింది. ఆయన సారు వైపు తిరిగి, నిజమేనా మాస్టారూ అని మెల్లగా అడిగారు. సారు చేతిలో సుద్దముక్క ఉంది. దాన్ని జేబులో వేసుకున్నారు. నా వైపు ఒక్కసారి చూశారు. కోపం లేదు ఆ చూపులో. ఏముందో ఇన్నేళ్లలో ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నానో, ప్రతిసారీ ఒకటి కనిపిస్తుంది.

"నిజమే సాబ్. బిడ్డ సదువుతది. నేను వింట."

అధికారి కాగితం మీద ఏదో రాసుకున్నారు.

పరీక్షలయ్యాక సారుకు బదిలీ వచ్చింది. మిర్యాలగూడలో, లెక్కలు కాదు, చిన్న తరగతులకు ఉర్దూ. అది కూడా పిల్లలుంటేనే. ఆ ఏడు అట్లాంటి కాగితాలు చాలామందికి వచ్చాయి. నువ్వు చెప్పకున్నా అయ్యేదే, ఊకో అన్నాడు నాయన. ఆ మాట నన్ను ఓదార్చడానికన్నాడో, తాను చుట్టు తిరిగి వచ్చిన దారిని మర్చిపోవడానికన్నాడో.

బండి కట్టిన రోజు నేను వెళ్లాను. సామాను ఎక్కువ లేదు. తప్పయింది సారూ అని చెప్పాలని దారంతా కూడబలుక్కున్నాను. గడపలో నిలబడేసరికి ఒక్క మాట రాలేదు. మళ్లీ నా గొంతు పోయింది. సారే అడిగారు, నీ కాపీ నాకిస్తవా అని. పరిగెత్తుకుంటూ ఇంటికి పోయి తెచ్చి ఇచ్చాను. ఆయన దాన్ని తన ఉర్దూ లెక్కల పుస్తకంలో పెట్టి కట్టుకున్నారు.

మెట్రిక్ నేను పాసయ్యాను. పదకొండు మందిలో తొమ్మిది మందిమి పాసయ్యాం. హైదరాబాదు వెళ్లి విశ్వవిద్యాలయంలో లెక్కలే చదివాను. ఇదంతా ఆ సన్న పుస్తకం మీద నిలబడి ఉంది. ఉర్దూలోనే రాయించి ఉంటే తప్పేదాన్నా? అదీ చెప్పలేను. నాకు ఉర్దూ లెక్కలు బాగానే వచ్చేవి. బహుశా పాసయ్యేదాన్నే, సారు ఇంకో ఏడాదో రెండేళ్లో ఆ బోర్డు ముందే నిలబడేవారు. కాని నా గొంతు తలుపు పక్కనే ఉండిపోయేది.

ఉద్యోగం వచ్చాక ఏడాదికోసారి మిర్యాలగూడ వెళ్లేదాన్ని. ఆయన మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "పుస్తకం ఏది పెట్టినవ్?" బాగున్నావా అని తర్వాత అడిగేవారు. నేను క్లాసుకు ఏ పుస్తకం పెట్టానో చెబితే, దాంట్లో వంకర ముసల్లస్‌లు ఉన్నాయా అని అడిగేవారు. ఒకసారి ధైర్యం చేసి మొదలుపెట్టాను. "సారూ, ఆ తనిఖీ రోజు నేను..." అన్నాను. ఆయన సాసరు నా వైపు జరిపారు. "చాయ్ చల్లగైతది" అన్నారు. అంతకు మించి ముందుకు పోలేదు, ఆయనా నేనూ.

ఇంకోసారి నన్ను బస్సెక్కించడానికి వచ్చారు. బస్సు ఒకటి వచ్చి ఆగింది. "జర సదువు బిడ్డా, గా బోర్డు మీద ఏమున్నది?" అన్నారు. వాడపల్లి అని చదివాను. కళ్లద్దాలు ఆయన జేబులోనే ఉన్నాయి. ఆ రోజు బస్సులో కూర్చుని అనుకున్నాను: రాదు, ఆయనకు ఇప్పటికీ రాదు. నేను చెప్పింది కనీసం నిజం. మనసు దానితో కొంత తేలికపడింది. నా మాట ఆయన్ను ఏం చేసిందన్నది వదిలేసి, అది నిజమా కాదా అన్నదాన్నే పట్టుకుని వేలాడాను. అది కూడా నిలవలేదు.

కార్డు వచ్చిన తర్వాతి ఆదివారం మిర్యాలగూడ వెళ్లాను. ఆయన మంచాన్ని నిలబెట్టి గోడకు ఆనించి ఉంచారు. కూతురు అక్కడే ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మ. కార్డులో తెలుగు అక్షరాలు అంత గుండ్రంగా ఉన్నాయి, ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని, ఏదో ఒకటి మాట్లాడాలని, అడిగాను.

"ఇంకెవరు నేర్పిస్తరక్కా, అబ్బాజానే. బడికి పోకముందే ఒళ్లో కూసోబెట్టుకోని దిద్దించిండు. ఆయన రాసినట్టే ఉంటయి నావి."

నేను నోటిదాకా తెచ్చుకున్న చాయ్ కింద పెట్టాను. ఆమె బడికి పోకముందు అంటే, వాళ్లు మిర్యాలగూడ వచ్చిన ఏడాదో రెండేళ్లో. అంతలో నేర్చుకున్నారా? నేర్చుకోవచ్చు. నా కాపీ ఆయన దగ్గరే ఉంది. లెక్క తెలిసిన మనిషికి పక్కన తెలుగు మాట పెడితే చాలు, అక్షరాలు వాటంతట అవే విడిపోతాయి. లేదా అంతకు ముందు నుంచే వచ్చా? అమ్మా, ఆయనకు తెలుగు చదవడం ఎప్పటి నుంచి వచ్చు అని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది. "నాకు తెలివొచ్చినప్పటి సంది వచ్చు" అంది. ఆమె చెప్పగలిగింది అంతే.

నా కోసం పక్కన పెట్టిన పుస్తకం ఆ ఉర్దూ లెక్కల పుస్తకమే. లోపల నా కాపీ, సన్న పుస్తకంలోని జవాబుల భాగం ఉన్నాయి. మిరపకాయల ఘాటు ఏమీ మిగల్లేదు. ఉర్దూ పుస్తకం తెరిస్తే ప్రతి పేజీ అంచున పెన్సిలుతో తెలుగు మాటలు. ముసల్లస్ పక్కన త్రిభుజము. జావియా పక్కన కోణము. ఎక్కడా కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు. కూతురు కార్డు మీదున్న గుండ్రటి అక్షరాలే. అవి మేము సన్న పుస్తకం మొదలుపెట్టకముందు, సారు ఏమీ తేల్చకుండా మా ముఖాలు చూసిన ఆ వారంలో రాసినవా, మిర్యాలగూడలో ఖాళీ క్లాసు గదిలో రాసినవా? పెన్సిలు గీత తన తారీఖు చెప్పదు.

చదవడం రాకపోతే, ఆయన ఏ లోటునైతే దాచకుండా నా చేతిలో పెట్టారో దాన్ని నేను నలుగురిలో చాటాను. వచ్చి ఉంటే, రెండేళ్లు మూగగా కూర్చున్న ఒక పిల్ల నోరు తెరవడానికి రానట్టు కూర్చున్నారు. ఆ పిల్ల అధికారి ముందు అబద్ధమాడినట్టు కాకూడదని తన బోర్డును, సుద్దముక్కను వదులుకున్నారు. ఇది తలుచుకుంటే ఊపిరాడదు. మొదటిది తలుచుకుంటే తల ఎత్తలేను. ఒక్కోసారి, ఆయనకు కొంచెం వచ్చు, కూడబలుక్కుని చదవడం సిగ్గు, అంతే అనిపిస్తుంది. అప్పుడు ఇదంతా నేను పెంచుకున్నదే అవుతుంది.

వచ్చే ఏడాదికి కూడా పుస్తకం ఎంచే పని కాలేజీలో నాకే ఇచ్చారు. నిన్న మధ్యాహ్నం మూడు పుస్తకాలు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ముందు త్రిభుజాలే చూశాను. రెండింటిలో అన్నీ నీటుగా కూర్చుని ఉన్నాయి. మూడోదాంట్లో ఒకటి పక్కకు పడుకుని ఉంది. ఆ పుస్తకం తీసుకుని, వృత్తం అధ్యాయం తెరిచి, ఎందుకో గొంతెత్తి చదవడం మొదలుపెట్టాను. కిటికీ దాకా వినిపించేట్టు. గీతను కేంద్రం దాటించే చోట కావాలని ఆ వాక్యం వదిలేసి ముందుకు పోయాను. కిటికీ వైపు చూశాను. ఎండ పడుతోంది. ఎవరూ ఆగమనలేదు.

ఆ రోజు సారుకు తెలుగు చదవడం వచ్చో రాదో నాకు తెలియదు. వచ్చి ఉండాలని కోరుకోవాలో, రాకుండా ఉండాలని కోరుకోవాలో, అది కూడా ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.